అడ్డంగా కలిసే గళ్లు, నిలువుగా కలవని గళ్లు: లేటెక్ పట్టికల లోగుట్టు

లేటెక్ అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్‌లో థీసిస్ రాసే స్నేహితుల నుంచి నాకు అర్ధరాత్రి వచ్చే ఫోన్లలో సగం పట్టికల గురించే. సమీకరణాలు బాగా వచ్చాయి, బొమ్మలు కుదిరాయి, ఒక్క పట్టిక మాత్రం మాట వినడం లేదంటారు. తెల్లారితే బైండింగ్‌కి ఇవ్వాలి. పైన రెండు గళ్లు కలిపితే కింద ఓ కాలమ్ ఉబ్బిపోయింది. పక్కన మూడు గళ్లు నిలువుగా కలిపితే వాటి మధ్యలోంచి గీత కోసుకుంటూ పోయింది. గీత జరుపుదామంటే 'మిస్‌ప్లేస్డ్ నోఅలైన్' అని ఎర్రర్. ఆ టెన్షన్‌లో నెట్‌లో దొరికిన కోడ్ ముక్కల్ని ఒకదాని మీద ఒకటి అతికిస్తారు. ఒకటి సర్దుకుంటే ఇంకోటి చెడుతుంది.

ఇన్ని రకాలుగా కనిపించినా ఈ చిక్కులన్నీ ఒకే చోట పుడతాయి. పట్టిక అనగానే మన మనసులో మెదిలే బొమ్మ ఒకటి, లేటెక్‌కి అడుగున ఉండి పేజీని కూర్చే ప్రోగ్రామ్ టెక్ లోపల ఉన్న బొమ్మ మరొకటి. ఆ రెండో బొమ్మ ఒక్కసారి కళ్లకు కట్టిందంటే ఏ గీత ఎందుకు తప్పిందో కోడ్ చూడగానే చెప్పేయొచ్చు. అందుకే కమాండ్ల జాబితా పక్కన పెట్టి ఆ బొమ్మ నుంచే మొదలుపెడతాను.

మనకు పట్టిక అంటే గళ్ల కాగితం. చిన్నప్పుడు రూళ్ల కర్ర పెట్టి ముందు గీతలు గీసేవాళ్లం, తర్వాత గళ్లు నింపేవాళ్లం. రెండు గళ్లు కలపాలంటే మధ్య గీత చెరిపేస్తే సరిపోయేది. వర్డ్, ఎక్సెల్ మనకు చూపించేదీ అదే. వెబ్ పేజీల్లోనూ అంతే. రోస్పాన్, కాల్‌స్పాన్ అని చెబితే బ్రౌజర్ ముందు గళ్లన్నీ లెక్కగట్టుకుని ఏ గడి ఎంతవరకు పరుచుకుందో గుర్తు పెట్టుకుంటుంది.

టెక్ దగ్గర గళ్ల కాగితం లేదు. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 1977లో, తన 'ద ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' పుస్తకం రెండో సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు చూసి, ఆ అచ్చు అందం నచ్చక మొదలుపెట్టిన పని ఈ టెక్. అందులో పట్టికల కోసం ఉన్న మూల యంత్రం పేరు 'హెచ్‌అలైన్'. లెస్లీ లాంపోర్ట్ 1980ల్లో టెక్ మీద లేటెక్ కట్టినప్పుడు, పట్టికలకి మనం రోజూ వాడే 'ట్యాబ్యులర్'ను ఆ యంత్రం మీదే నిలబెట్టారు. ఇప్పటికీ అడుగున తిరిగేది అదే.

హెచ్‌అలైన్ పని తీరు ఇలా ఉంటుంది. పట్టిక మొత్తం చదువుతుంది. ప్రతి గడిలో ఉన్నదాని సహజ వెడల్పు కొలుస్తుంది. ఒక కాలమ్‌లో అన్నిటికంటే వెడల్పైన గడి ఎంతో, ఆ కాలమ్ వెడల్పు అంత. ఆ వెడల్పులు తేలాక ప్రతి వరుసనూ విడిగా ఓ అడ్డ పెట్టెగా బిగిస్తుంది. ఆ పెట్టెల్ని ఒకదాని కింద ఒకటి పేరుస్తుంది. అంతటితో పట్టిక పూర్తయింది. కాలమ్ అనేది టెక్ జ్ఞాపకంలో ఓ వెడల్పు సంఖ్య మాత్రమే. వరుసలు మాత్రం నిజంగా ఉన్న పెట్టెలు, ఇటుకల్లాగా. గోడ కట్టేటప్పుడు ఒక ఇటుకలోని మట్టి పై ఇటుకలోకి పారదు కదా. అలాగే ఒక వరుసలోని గడి కింది వరుసలోకి దిగలేదు.

దీన్నిబట్టి మిగతావన్నీ అర్థమవుతాయి. అడ్డంగా కలపడం టెక్‌కి పుట్టుకతో వచ్చిన విద్య, ఎందుకంటే అది ఒకే ఇటుక లోపలి పని. నిలువుగా కలపడం దానికి అసలు రాదు. వచ్చినట్టు కనిపించేలా మనం చేస్తాం.

ఉదాహరణకి ఓ రైల్వే టైం టేబుల్ తీసుకుందాం. విశాఖ నుంచి హైదరాబాద్ వైపు వచ్చే గోదావరి ఎక్స్‌ప్రెస్, ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్. ఎడమ చివర రాష్ట్రం, తర్వాత స్టేషన్, ఆ తర్వాత ఒక్కో రైలుకి రాక, పోక. మొత్తం ఆరు కాలమ్‌లు. ఆంధ్రప్రదేశ్ పక్కన సామర్లకోట, రాజమండ్రి, ఏలూరు. తెలంగాణ పక్కన ఖమ్మం, వరంగల్, కాజీపేట. శీర్షికకి రెండు వరుసలు. పై వరుసలో రైలు పేరు దాని రెండు కాలమ్‌ల మీదుగా పరుచుకోవాలి. రాష్ట్రం పేరు మూడు స్టేషన్ల పక్కన నిలువుగా నడిమధ్యలో ఉండాలి.

అడ్డంగా కలపడం

రైలు పేరుకి వాడేది 'మల్టీకాలమ్'. దానికి మూడు సంగతులు చెప్పాలి: ఎన్ని కాలమ్‌లు, ఎలా సర్దాలి, ఏం రాయాలి. ఇక్కడ మొదటి పొరపాటు & లెక్కలో జరుగుతుంది; ఒక గడికీ పక్క గడికీ మధ్య పెట్టే గుర్తు అది. మన పై వరుసలో రాసేవి నాలుగు గళ్లే: రాష్ట్రం, స్టేషన్, గోదావరి, ఈస్ట్ కోస్ట్. కాబట్టి & గుర్తులు మూడే. కింది వరుసలో ఆరు గళ్లు, ఐదు గుర్తులు. కలిసిన గడి లోపల కూడా అలవాటుగా ఓ & పెట్టేస్తే గళ్లు ఏడవుతాయి, 'ఎక్స్‌ట్రా అలైన్‌మెంట్ ట్యాబ్' అని టెక్ ఆగిపోతుంది. ఈ ఎర్రర్ కనిపిస్తే ఇంకేమీ వెతకొద్దు. ఆ వరుసలో ప్రతి గడి ఎన్ని కాలమ్‌లు తింటోందో వేళ్ల మీద కూడండి.

'మిస్‌ప్లేస్డ్ ఒమిట్' అనే ఎర్రర్ కథ వేరు. ప్రతి కాలమ్‌కీ ముందే ఓ మూస ఉంటుంది: మధ్యకి సర్దాలి, పక్కన ఇంత ఖాళీ వదలాలి, ఇక్కడ గీత పెట్టాలి అని. గడిలోకి అడుగు పెట్టగానే టెక్ అక్కడున్న మొదటి వస్తువును చూస్తుంది. అది మల్టీకాలమ్ అయితే మూసను పక్కన పెట్టేస్తుంది. ఇంకేదైనా అయితే మూసను మొదలుపెట్టేస్తుంది, ఇక వెనక్కి తిరగదు. మల్టీకాలమ్‌కి ముందు గడిలో రంగు మార్చే కమాండో, అక్షరాలు లావు చేసే కమాండో పెట్టామంటే అప్పటికే ఆలస్యమైపోయిందన్నమాట. అలాంటివన్నీ మల్టీకాలమ్ లోపలికి, మూడో భాగంలోకి వెళ్లాలి.

ఇప్పుడు అసలు చిక్కు, కాలమ్ ఉబ్బడం. రాక, పోక కాలమ్‌ల్లో ఉండేవి చిన్న అంకెలు. ఒక్కోటి 25 పాయింట్ల వెడల్పు అనుకుందాం (పాయింటు అచ్చు కొలత, సుమారు మూడు కలిస్తే ఓ మిల్లీమీటరు). లేటెక్ ప్రతి కాలమ్‌కి రెండు వైపులా 6 పాయింట్ల ఖాళీ వదులుతుంది, కాబట్టి ఒక్కోటి 37. రెండూ కలిపి 74. 'గోదావరి ఎక్స్‌ప్రెస్' అనే పేరు 110 పాయింట్లు ఉందనుకుంటే రెండు వైపుల ఖాళీతో 122. అంటే 48 పాయింట్ల చోటు తక్కువైంది. ఈ 48 ఎవరికి ఇవ్వాలి?

మనమైతే చెరి సగం అంటాం. టెక్ అలా చేయదు. అది ఎడమ నుంచి కుడికి ఒక్కో కాలమ్ వెడల్పు తేలుస్తూ పోతుంది. కలిసిన గడి ఎదురైతే, ఇప్పుడు తేలిన కాలమ్ వెడల్పును దానిలోంచి తీసేసి, మిగిలిన బాకీని పక్క కాలమ్‌కి బదిలీ చేస్తుంది. ఆ బాకీ అలా జరిగి జరిగి కలిసిన వాటిలో చివరి కాలమ్ నెత్తిన పడుతుంది. మన పట్టికలో రాక 37 దగ్గరే ఉండిపోతుంది, పోక 85కి ఉబ్బుతుంది. రాక అంకెలు ఎడమ మూలకి ఇరుక్కుని, పోక అంకెలు ఎక్కడో దూరంగా తేలుతూ కనిపిస్తాయి. మనం తప్పేమీ రాయలేదు. లెక్క చేసే పద్ధతే అది.

కారణం తెలిశాక మందు తేలిక. బాకీ పుట్టకుండా చేయాలి. రెండు కాలమ్‌లకీ ముందే సమానమైన వెడల్పు ఇచ్చేస్తే చాలు. 122లో సగం 61, అందులో పక్క ఖాళీలు 12 తీసేస్తే 49. 'అరే' అనే ప్యాకేజీలో (లేటెక్‌కి జోడించుకునే అదనపు కమాండ్ల కట్టను ప్యాకేజీ అంటారు) 'డబ్ల్యూ' అనే కాలమ్ రకం ఉంది. దానికి సర్దుబాటు, వెడల్పు రెండూ చెప్పొచ్చు. రాక, పోకలకి మధ్యకి సర్దిన 49 పాయింట్ల డబ్ల్యూ కాలమ్‌లు ఇచ్చామంటే పేరు వాటి మీద బుద్ధిగా కూర్చుంటుంది. ఇంకో దారి కూడా ఉంది, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది: శీర్షికనే కుదించడం. 'గోదావరి' అని రాస్తే ఎక్స్‌ప్రెస్ అని ఎవరికి తెలియదు?

కలిసిన గడిలో పొడుగు వాక్యం మడతపడి రావాలంటే దాని వెడల్పు మనమే చెప్పాలి. ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. మూడు సెంటీమీటర్ల కాలమ్‌లు రెండు కలిపితే ఆరు సెంటీమీటర్లు అనుకుంటారు. వాటి మధ్యన ఉన్న రెండు 6 పాయింట్ల ఖాళీలు కూడా ఇప్పుడు కలిసిన గడివే. ఆరు సెంటీమీటర్లకి 12 పాయింట్లు, అంటే సుమారు 4 మిల్లీమీటర్లు కలపాలి. చూడడానికి చిన్నదే, కానీ ఆ నాలుగు మిల్లీమీటర్ల దగ్గరే ఓ మాట కింది లైనులోకి జారి వరుస ఎత్తు పెరిగిపోతుంది.

నిలువు గీత ఎవరి సొత్తు?

టెక్ దగ్గర నిలువు గీత అనే పొడవాటి వస్తువు లేదు. ప్రతి వరుసలో, ఆ వరుస ఎత్తున్న ముక్క ఒకటి పడుతుంది. వరుసల మధ్య సందు లేకపోతే ముక్కలన్నీ అతుక్కుని ఒకే గీతలా కనిపిస్తాయి. ఆ ముక్క గడి మూసలో భాగం. మల్టీకాలమ్ మూసను పక్కన పెడుతుందని పైన చెప్పాను కదా, దాంతో పాటే గీత కూడా పోతుంది. కలిపిన గడి పక్కన గీత మాయమైందని కంగారు పడేవాళ్లకి జరిగింది ఇదే. దాన్ని మల్టీకాలమ్ రెండో భాగంలో మళ్లీ అడగాలి.

అడిగేటప్పుడు వాటాలు తెలియాలి. మొదటి కాలమ్‌కి ఎడమ గీత, కుడి గీత రెండూ సొంతం. మిగతా ప్రతి కాలమ్‌కీ కుడి గీత ఒక్కటే సొంతం. దాని ఎడమ గీత పక్క కాలమ్ వాళ్లది. కాబట్టి మూడు, నాలుగు కాలమ్‌ల మీద గోదావరి పేరు పెట్టేటప్పుడు 'సి' (మధ్యకి సర్దమని), దాని కుడి పక్కన గీత, అంతే రాయాలి. రెండు పక్కలా గీతలు రాస్తే, అరే ప్యాకేజీ ఉన్న ఫైల్లో స్టేషన్ కాలమ్ గీత పక్కనే ఇంకోటి పడి ఆ ఒక్క చోట గీత ముద్దగా వస్తుంది. చాలా ప్యాకేజీలు అరేను తమ వెంట తెచ్చుకుంటాయి కాబట్టి, నేను పిలవలేదు కదా అనుకోవడానికి లేదు.

నిలువుగా కలిపినట్టు కనిపించడం

ఇక రాష్ట్రం పేరు. దీనికి 'మల్టీరో' అనే ప్యాకేజీ ఉంది. పేరు చూస్తే మల్టీకాలమ్‌కి తోబుట్టువు అనిపిస్తుంది. లోపల చూస్తే ఏ పోలికా లేదు. మల్టీరో ఏ గడినీ కలపదు. సామర్లకోట వరుసలోని మొదటి గడిలో, టెక్ కంటికి ఎత్తు లేనట్టు కనిపించే పెట్టె ఒకటి పెట్టి, దాన్ని కిందికి వేలాడదీస్తుంది. అది రాజమండ్రి, ఏలూరు వరుసల మీదుగా వేలాడుతుంది. ఆ వరుసల్లోని మొదటి గళ్లు నిజంగా ఖాళీ గళ్లే. మనమే ఖాళీగా వదిలి & పెట్టాలి. అక్కడేదైనా రాస్తే వేలాడే పేరు మీద అచ్చవుతుంది, టెక్ ఒక్క మాట కూడా అనదు.

పెట్టె ఎంత కిందికి వేలాడాలో మల్టీరోకి ఎలా తెలుసు? తెలియదు, అంచనా వేస్తుంది. మూడు వరుసలు అని చెబితే మామూలు వరుస ఎత్తును మూడుతో హెచ్చవేసి దాని మధ్యలో పెడుతుంది. కింది వరుసలు ఇంకా చదవనే లేదు కాబట్టి వాటి అసలు ఎత్తు తెలుసుకునే మార్గం లేదు. అన్నీ ఒక్క లైను వరుసలైతే అంచనా సరిపోతుంది. రాజమండ్రి గడిలో వాక్యం మడతపడి మూడు లైన్లు అయిందంటే మొత్తం ఐదు లైన్లవుతుంది, పేరు మాత్రం మూడు లైన్ల మధ్యలోనే, అంటే పైకి జరిగి ఉంటుంది. అందుకే మల్టీరోకి వరుసలు కాదు, లైన్లు లెక్కపెట్టి చెప్పాలి. ఇక్కడ ఐదు అనాలి. అయినా కాస్త తేడా ఉంటే పైకో కిందికో జరపడానికి ఓ ఐచ్ఛిక కొలత ఇవ్వొచ్చు. ఒకటి రెండు పాయింట్లు కంటితో చూస్తూ సర్దడమే, వేరే సూత్రం లేదు.

రంగులతో ఇంకో తంటా వస్తుంది. వరుసలకు రంగు వేస్తే మల్టీరో పేరు సగం కనబడకుండా పోతుంది. ఇటుకలు గుర్తుచేసుకోండి. మొదటి వరుసలోంచి పేరు కిందికి వేలాడింది. తర్వాత రెండో వరుస వచ్చి తన రంగును దాని మీద పూసేసింది. విరుగుడు ఏమిటంటే పేరును మొదటి వరుసలో కాకుండా చివరి వరుసలో, ఏలూరు పక్కన పెట్టి, సంఖ్య ముందు మైనస్ పెట్టడం. మైనస్ మూడు అంటే పైకి మూడు వరుసలు. అప్పుడు రంగులన్నీ పూశాక చివర్లో పేరు పడుతుంది. మొదటిసారి చూసినవాళ్లకి ఇది మాయలా ఉంటుంది. ఏది ముందు అచ్చవుతోంది, ఏది తర్వాత అన్న ప్రశ్న వేసుకుంటే ఇందులో మాయేమీ లేదు.

అడ్డ గీతలు రెండు రకాలు

'హెచ్‌లైన్' రెండు వరుసల నడుమ పడే గీత. పట్టిక ఈ చివర నుంచి ఆ చివర దాకా పోతుంది. మందం 0.4 పాయింట్లు, అంటే 0.14 మిల్లీమీటర్లు. అది వరుసల నడుమ మాత్రమే ఉండగలదు, అందుకే వరుసను \\ తో ముగించకుండా హెచ్‌లైన్ రాస్తే 'మిస్‌ప్లేస్డ్ నోఅలైన్' అంటుంది. చివరి వరుస తర్వాత గీత పెట్టేటప్పుడు \\ మర్చిపోవడమే ఈ ఎర్రర్‌కి నేను ఎక్కువగా చూసిన కారణం.

సామర్లకోట కింద హెచ్‌లైన్ వేస్తే అది ఆంధ్రప్రదేశ్ అనే పేరును కోసుకుంటూ పోతుంది. దాన్ని తప్పుపట్టలేం, మొదటి కాలమ్‌లో ఏదో వేలాడుతోందని దానికి ఎవరూ చెప్పలేదు. అక్కడ కావాల్సింది 'సీలైన్', రెండో కాలమ్ నుంచి ఆరో కాలమ్ దాకా. ఏలూరు కింద రాష్ట్రం మారుతుంది కాబట్టి అక్కడ హెచ్‌లైన్. మల్టీరో ఉన్న చోట ఈ నియమం ఒకటి చాలు: పేరు వేలాడుతున్నంత మేర సీలైన్, వేలాడడం అయిపోయాక హెచ్‌లైన్.

సీలైన్ లోపల కథ ఆసక్తిగా ఉంటుంది. అది నిజానికి గీత వేషం వేసుకున్న వరుస. వద్దన్న కాలమ్‌ల్ని ఖాళీగా దాటుతుంది, కావాల్సిన కాలమ్‌ల వెడల్పునా గీత పరుస్తుంది, తర్వాత తన మందమెంతో అంత వెనక్కి, పైకి జరుగుతుంది. అలా తన కోసం చోటేమీ తీసుకోదు. హెచ్‌లైన్ మాత్రం తన 0.4 పాయింట్ల చోటు తీసుకుంటుంది. రంగు వేసిన పట్టికల్లో సీలైన్ కనిపించకపోవడానికి కారణం ఇదే: అది వెనక్కి జరిగిన చోటికి కింది వరుస వచ్చి, రంగుతో కప్పేస్తుంది. డేవిడ్ కార్లైల్ రాసిన 'హెచ్‌హెచ్‌లైన్' ప్యాకేజీ ఈ అవసరానికి పనికొస్తుంది. అందులో ఏ కాలమ్ దగ్గర గీత ఉండాలో, ఎక్కడ నిలువు గీతతో ఎలా కలవాలో గుర్తులతో విడివిడిగా చెప్పొచ్చు.

గీతలు తగ్గించడం గురించి

సైమన్ ఫియర్ తయారుచేసిన 'బుక్‌ట్యాబ్స్' ప్యాకేజీకి ఓ గట్టి అభిప్రాయం ఉంది: నిలువు గీతలు ఎప్పుడూ వద్దు, జంట గీతలు వద్దు. పైన ఒక లావు గీత, శీర్షిక కింద సన్న గీత, అడుగున మళ్లీ లావు గీత. మందాలన్నీ 'ఎం'లలో, అంటే అక్షరాల సైజును బట్టి మారే కొలతలో ఉంటాయి: లావువి 0.08 ఎం, మధ్యది 0.05 ఎం, కొన్ని కాలమ్‌ల కిందే పడే 'సీమిడ్‌రూల్' 0.03 ఎం. పది పాయింట్ల అక్షరాల్లో 0.8, 0.5, 0.3 పాయింట్లు. ఈ మూడు మందాలూ పక్కపక్కన పెడితే ఏ గీత ముఖ్యమైనదో చెప్పకుండానే తెలుస్తుంది. హెచ్‌లైన్ లాగా అన్నీ ఒకే మందంతో ఉంటే ఆ తేడా రాదు.

దీని అందం మందంలో కంటే ఖాళీలో ఎక్కువగా ఉంది. బుక్‌ట్యాబ్స్ ప్రతి గీతకీ పైన, కింద కాస్త చోటు వదులుతుంది. అక్షరాలు ఊపిరి పీల్చుకుంటాయి. ఆ చోటే నిలువు గీతలకు శత్రువు కూడా. నిలువు గీత ప్రతి వరుసలో ఓ ముక్క అని చెప్పుకున్నాం కదా. బుక్‌ట్యాబ్స్ వదిలిన చోటు ఏ వరుసకీ చెందదు, అక్కడ ముక్క పడదు, గీత తెగిపోతుంది. నెట్‌లో చాలామంది దీన్ని బగ్ అని ఫిర్యాదు చేస్తారు. నిలువు గీతలు పెట్టుకోవాలంటే హెచ్‌లైన్లతోనే ఉండాలి, బుక్‌ట్యాబ్స్ కావాలంటే నిలువు గీతలు వదులుకోవాలి. రెండూ కలిపితే వచ్చేది విరిగిన కంచె.

మన పట్టికలో గోదావరి పేరు కింద మూడు నుంచి నాలుగు దాకా, ఈస్ట్ కోస్ట్ కింద ఐదు నుంచి ఆరు దాకా రెండు సీమిడ్‌రూల్స్ వేస్తే అవి నాలుగో కాలమ్ చివర కలిసిపోయి ఒకే గీతలా కనిపిస్తాయి. వాటికి 'ఎల్ ఆర్' అనే కత్తిరింపు చెబితే రెండు కొసలూ అర ఎం చొప్పున లోపలికి తగ్గుతాయి, మధ్యలో సందు ఏర్పడుతుంది. ఏ రాక, ఏ పోక ఏ రైలుదో ఆ చిన్న సందే చెబుతుంది. నిలువు గీత చేసే పని అది చేసేసింది. ఇంత చిన్న సంగతికి ఇంత పొగడ్త ఎందుకంటారేమో, కానీ చదివేవాళ్ల కన్ను తడబడకుండా చూసేవి ఇలాంటివే.

అయినా నిలువు గీతల మీద పూర్తి నిషేధానికి నేను ఒప్పుకోను. సిద్ధాంత గ్రంథాల్లో, పరిశోధన పత్రాల్లో బుక్‌ట్యాబ్స్ మాటే వినాలి. పంచాంగంలో తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం ఒకదాన్నొకటి ఆనుకుని అంకెలతో కిక్కిరిసి ఉన్నప్పుడు మాత్రం కాలమ్‌ల మధ్య వదలడానికి ఖాళీ ఎక్కడుంది? అక్కడ సన్నని నిలువు గీతే చూపుకి ఆసరా. సీసం అచ్చు రోజుల్లో నిలువు గీత కావాలంటే ఇత్తడి పట్టీని ఎత్తుకు సరిపడా కోసి, టైపు మధ్య నిలబెట్టి బిగించాల్సి వచ్చేది. అంత కష్టపడి పెట్టారంటే అవసరముండే పెట్టారు.

తెలుగు అక్షరాలకి ఇంకొంచెం చోటు

జీలేటెక్ లేదా లువాలేటెక్‌లో తెలుగు పట్టిక వేసినవాళ్లకి ఇంకో సమస్య ఎదురవుతుంది, ఇంగ్లిష్‌లో రాసే గైడ్లలో దాని ఊసు ఉండదు. ప్రతి వరుసలోనూ లేటెక్ కనిపించని గుంజ ఒకటి పాతుతుంది. వరుస కనీసం ఇంత ఎత్తు ఉండాలని దాని పని. పది పాయింట్ల అక్షరాలకి లైను దూరం 12 పాయింట్లు. అందులో పదింట ఏడు వంతులు, అంటే 8.4 పాయింట్లు పైకి, మూడు వంతులు, అంటే 3.6 పాయింట్లు కిందికి. ఇంగ్లిష్ అక్షరాలకు ఇది సరిపోతుంది. మనకు పైన గుడి, కింద ఒత్తు. రాజమండ్రిలో 'ండ్రి' పైకీ పోతుంది, కిందికీ దిగుతుంది. ఒత్తు 3.6 పాయింట్లు దాటితే ఆ వరుస ఒక్కటే ఎత్తు పెరుగుతుంది, గీత వచ్చి ఒత్తుకి అంటుకుంటుంది. ఏలూరు, వరంగల్ వరుసలు పొట్టిగా, సామర్లకోట, రాజమండ్రి, ఖమ్మం వరుసలు పొడుగ్గా తయారై పట్టిక ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. మల్టీరో అంచనా కూడా దాంతో పాటే తప్పుతుంది.

వరుసలు ఇరుకైతే ఇంగ్లిష్ గైడ్లు మామూలుగా 'ఎక్స్‌ట్రా రో హైట్' పెంచమంటాయి. అది గుంజను పైకి మాత్రమే పెంచుతుంది. మన సమస్య ఎక్కువగా కిందనే ఉంది. 'అరే స్ట్రెచ్'ను పెంచితే గుంజ పైకీ కిందికీ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 1.4 పెడితే కింది వైపు 5 పాయింట్లు దాటుతుంది. నేను తెలుగు పట్టికలకి 1.4 దగ్గర మొదలుపెట్టి, ఫాంటును బట్టి కాస్త అటూ ఇటూ జరుపుతాను. గుంజ అన్ని ఒత్తుల కంటే పొడుగ్గా ఉంటే వరుసలన్నీ సమానమవుతాయి, మల్టీరో లెక్క కూడా దారిలో పడుతుంది.

కొత్త దారులు

ఈ పరిమితుల్ని దాటడానికి ఇటీవల రెండు ప్యాకేజీలు గట్టిగా ప్రయత్నించాయి. ఫ్రాన్స్వా పాంటిన్యీ రాసిన 'నైస్‌మ్యాట్రిక్స్'లో 'బ్లాక్' అనే కమాండుతో ఇన్ని వరుసలు, ఇన్ని కాలమ్‌లు అని ఒకేసారి చెప్పొచ్చు. మొదటిసారి కంపైల్ చేసినప్పుడు ప్రతి వరుస, కాలమ్ పేజీ మీద ఎక్కడ పడిందో పక్క ఫైల్లో రాసుకుంటుంది, రెండోసారి ఆ కొలతలతో పేరును సరిగ్గా మధ్యలో పెడుతుంది, గీతల్ని బ్లాక్ తగలకుండా గీస్తుంది. అంచనా పోయి కొలత వచ్చింది. మొదటి కంపైల్ చూసి పాడైపోయిందనుకోకుండా ఇంకోసారి నడపాలి, అంతే.

2021లో వచ్చిన 'ట్యాబ్యులర్‌అరే' ఇంకా ముందుకెళ్లింది. అది ప్రతి గడినీ ముందు కొలిచి, వరుసల ఎత్తులు, కాలమ్‌ల వెడల్పులు తానే లెక్కగడుతుంది. గళ్ల కాగితం నిజంగానే ఉందన్నమాట. మనం పైన చూసిన 48 పాయింట్ల బాకీని ఎలా పంచాలో కూడా అడుగుతుంది. మామూలుగా వదిలేస్తే చివరి కాలమ్‌కే ఇస్తుంది, 'ఈవెన్' అంటే సమానంగా పంచుతుంది. ఇంత పని చేస్తుంది కాబట్టి పెద్ద పట్టికల దగ్గర కంపైల్ నెమ్మదిస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను దీన్నే సూచిస్తాను. జర్నల్‌కి పంపే పేపరైతే మాత్రం వాళ్ల టెంప్లేట్ ఏ ప్యాకేజీలను ఒప్పుకుంటుందో ముందే చూసుకోవాలి. చాలాసార్లు మల్టీకాలమ్, బుక్‌ట్యాబ్స్ దగ్గరే ఆగాల్సి వస్తుంది.

అలా ఆగాల్సి వచ్చిన ఓ రాత్రి ఫోన్‌లోనే నాకు ఓ సంగతి తట్టింది. మా స్నేహితురాలి పట్టిక మూడు పేజీలు. దానికి పేజీలు దాటే పట్టికల కోసం ఉన్న 'లాంగ్‌టేబుల్' వాడుతోంది. మల్టీరోలో వేలాడే పేరు సరిగ్గా పేజీ తెగే చోట పడింది. పేరు పేజీ అడుగున వేలాడుతోంది, దాని వరుసలు తర్వాతి పేజీకి వెళ్లిపోయాయి. ఎంత సర్దినా పైన ఒక లైను కలిస్తే మళ్లీ చెడుతోంది. అప్పుడు ఆమెను అడిగాను: ఈ పేరు పక్కన నిలువుగానే ఉండాలా? వరుసల పైన అడ్డంగా ఉంటే ఏమవుతుంది?

మన టైం టేబుల్‌కే ఆ మార్పు చేసి చూడండి. రాష్ట్రం కాలమ్ తీసేయండి. ఆరు కాలమ్‌లు ఐదవుతాయి, అంకెలకి చోటు పెరుగుతుంది. సామర్లకోట పైన ఓ కొత్త వరుస పెట్టి, అందులో ఐదు కాలమ్‌ల మల్టీకాలమ్ ఒకటే, ఎడమకి సర్ది, ఆంధ్రప్రదేశ్ అని రాయండి. ఖమ్మం పైన తెలంగాణ అని ఇంకోటి. స్టేషన్ల పేర్లు కాస్త లోపలికి జరపండి. శీర్షికలో 'స్టేషన్' అన్న మాటను రెండో వరుసలో రాక, పోకల సరసన రాసి, పై గడి ఖాళీగా వదిలేయండి. పట్టిక మొత్తంలో ఇప్పుడు ఒక్క మల్టీరో కూడా లేదు. సీలైన్ లెక్కలు లేవు. ఒత్తులతో వరుస పెరిగినా ఏ పేరూ పక్కకి జరగదు. పీడీఎఫ్‌ను స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్లకి మల్టీరోలో రాజమండ్రి, ఏలూరు పక్కన ఖాళీ గళ్లే వినిపించేవి. ఇప్పుడు రాష్ట్రం పేరు ముందు, దాని స్టేషన్లు తర్వాత, చదవాల్సిన క్రమంలోనే వస్తాయి. లాంగ్‌టేబుల్‌లో అయితే రాష్ట్రం వరుస చివర \\ పక్కన ఓ నక్షత్రం గుర్తు పెట్టాలి. అప్పుడు ఆ వరుస దగ్గర పేజీ తెగదు, రాష్ట్రం పేరు ఒంటరిగా పేజీ అడుగున మిగిలిపోదు.